నాలుగు వందల దాకా

నాలుగు వందల దాకా లెక్కపెట్టాలి.
అది పద్ధతి. తక్కువైతే తూవి ఒప్పుకోదు,
ఎక్కువైతే నా మెడ ఒప్పుకోదు.

వెయ్యి రెట్లు పెద్దవిగా చూపించే చుక్క నూనె కింద
గాజు పడవలు, గాజు చక్రాలు, పళ్లు విరిగిన గాజు దువ్వెనలు.
డయాటమ్‌లు.
ఒక్క కణమంత బతుకు నీళ్లలో గడిపి
పెంకు వదిలేసి పోయినవి.

ఫిన్లాండ్ పడమటి తీరం, స్ప్రూస్ అడవి నడుమ
హెల్గే వాళ్ల మడుగు అడుగునించి
గొట్టంతో లాగిన బురద ఇది.
పెరాక్సైడ్‌లో మరిగించాను.
ఆకులు, వేళ్లు, పురుగుల రెక్కలు కాలిపోయాక
మిగిలింది చిటికెడు తెల్లపొడి.

ఇక్కడ నేల లేస్తూ ఉంటుంది.
మంచు బరువు దించుకుని పదివేల ఏళ్లయినా
దాని నడుం ఇంకా నిటారు కాలేదు.
ఏడాదికి గోరంత. అక్షరాలా గోరంత.
ఈ ఊళ్లో గోరంతలు కొండంతలు చేస్తారంటే
అది కోతలు కొయ్యడం కాదు, భూగర్భశాస్త్రం.
తాత కట్టిన పడవల పాకలో
మనవడు ట్రాక్టరు పెట్టుకుంటాడు.

హెల్గే మమ్మల్ని పిలిచింది మడుగు కోసం కాదు,
ముత్తవ్వ కోసం.
ఎప్పటిదో బ్రీతా, పెళ్లైన మర్నాడు
దీవి నించి పడవలో
తిన్నగా ఈ మడుగులోకే వచ్చిందని ఇంట్లో చెప్పుకుంటారు.
సముద్రం ఇప్పుడు రెండు కిలోమీటర్ల అవతల.
"తెడ్డుతో చెట్లని నెట్టుకుంటూ వచ్చిందా మీ ముత్తవ్వ?"
పక్క పొలం సుండ్‌ల వాళ్లు
ప్రతి నడివేసవి పండక్కీ అదే హాస్యం.

"నిజమా, కాదా. అంతే చెప్పండి,"
అన్నాడు, కాఫీ పోస్తూ, నా మొహం చూడకుండా.
"ఇంకోటి కూడా ఉంది, అది ఉత్త నవ్వులాటలెండి.
గడప దగ్గర పడవ రాయికి ఒరుసుకుని ఆగిపోయిందట.
కొత్త బూట్లు చేత పట్టుకుని నీళ్లలో దిగిందట.
ఒకటి జారిపోయింది.
ఇప్పటికీ మా ఇంట్లో చెప్పు కనబడకపోతే
బ్రీతా తీసిందంటాం."

అతను గడప అన్నది మడుగు అంచున ఉన్న రాతి మెట్టుని.
మేమూ దాన్ని అలాగే అంటాం.

డెబ్బై రెండు సెంటీమీటర్ల లోతున
మూడు వందల నలభై, ఉప్పు తిన్నవి.
ఉప్పు తిన్నవి ఉప్పు పక్షాన సాక్ష్యం చెబుతాయి,
మంచినీటివి మంచినీటి పక్షాన.
నీళ్లలోనే పుట్టి
ఇంతగా నీళ్లు నమలని సాక్షుల్ని
నేనింకెక్కడా చూడలేదు.

అరవై ఆరు దగ్గర నూట తొంభై.
అరవై మూడు దగ్గర యాభై ఏడు.
అరవై దగ్గర మూడు.
ఆ మూడూ ఏ తుఫానో విసిరేసినవి,
లేదా సాయంత్రం నాలుగింటికి నా కళ్లు చేసిన తప్పు.
నా చూపుడువేలంత బురదలో
సముద్రం చెయ్యి వదిలేసింది.

తేదీ వేరే ల్యాబునించి వచ్చింది,
పక్కన ముప్పై అయిదేళ్లు అటూ ఇటూ అని.
ఆ అటూ ఇటూలో బ్రీతా పెళ్లి ఉంది,
కావాలంటే పిల్లలు, వైధవ్యం కూడా పడతాయి.

"చెప్పలేను హెల్గే. ఆ రోజుల్లో
గడప మీద నీళ్లు ఉండీ లేనట్టున్నాయి,
మోకాలిదాకా, మహా అయితే.
మీ కథలో నాకు నమ్మబుద్ధేసేది
ఆ బూట్లే."

స్లైడ్ తీసుకుని కిటికీకేసి పట్టుకున్నాడు.
"ఏమీ కనబడ్డం లేదు."
"కనబడదు."
"ఎన్నుంటాయి ఇందులో?"
"నాలుగు వందలు లెక్కపెట్టాను.
మిగతావాటిని అడగలేదు."

కాసేపు అలాగే నిలబడ్డాడు.
తర్వాత సుండ్‌ల ఇంటికి ఫోన్ చేశాడు.
"పడవ వచ్చిందట," అన్నాడు గట్టిగా. "సైన్సు చెప్పింది."
ముప్పై అయిదేళ్ల మాట ఎత్తలేదు.
బూట్ల మాట అసలే ఎత్తలేదు.